మూడు గ్లాసుల నీళ్ళు

పేరు పెట్టకముందే చచ్చిపోయిన బిడ్డను ఎక్కడ పడుకోబెట్టాలో మీ మతం మీకెప్పుడైనా చెప్పిందా? పోనీ, మీరు అడిగారా?

అడిగి ఉండరు. మా ఇంట్లోనూ అవసరం వచ్చేదాకా ఎవరూ అడగలేదు.

పోయిన వారం ఒక సభవాళ్ళు నన్ను వ్యాసం రాసివ్వమన్నారు. కథోలిక మతానికీ బౌద్ధానికీ ఉన్న పోలికలేమిటి, తేడాలేమిటి, అదీ విషయం. కాగితం మధ్యలో నిలువుగా ఒక గీత గీసి, పోలికలు ఒక పక్క, తేడాలు ఒక పక్క రాస్తే చదివేవాళ్ళకు సులువుగా ఉంటుందని కూడా చెప్పారు. గీత గీశాను. ఆ తర్వాత కలం కదల్లేదు. నా కళ్ళముందు ఇంకో గీత ఉంది. చిత్తూరు నుంచి పలమనేరు పోయే దారిలో, మా పల్లె పక్కన, మా సమాధుల చుట్టూ సున్నంపొడితో పోసిన గీత అది. పాత మట్టిగోడ పోయిన వానలకు కూలిపోయింది. కొత్తది కడుతున్నారు. సరిగ్గా పాతగోడ నిలబడిన చోటే కడుతున్నారు. ఆ గీతకు బయట, ఆరడుగుల లోపు, మా తమ్ముడు ఉన్నాడు.

నేను తిరుపతిలో ఉంటాను. అమ్మ నా దగ్గరే, పక్క గదిలో. ఎనభై దాటిన మనిషి. రెండు వారాలుగా గంజి తప్ప ఏమీ దిగడం లేదు. పొద్దున నేను లోపలికి పోగానే అడిగేది ఒకటే మాట.

“గీత జరిపినారామే?”

లేదని చెప్పలేక కిటికీ తలుపు తెరుస్తాను. ఆమె నా వీపు చూసి అర్థం చేసుకుంటుంది. సోమవారం పునాది తవ్వుతారు. ఆ లోపల ఆ గీత ఆరడుగులు బయటికి జరగాలి. ఆమె ఈ లోకాన్ని ఇంకేమీ అడగడం లేదు.

కాబట్టి వ్యాసం రాయను. నాకు తెలిసిన పోలికలూ తేడాలూ చెబుతాను. అవి నేను పుస్తకాల్లో నేర్చుకున్నవి కావు. మా ఇంటి గూట్లో నేర్చుకున్నవి.

మా ఇల్లు ఒక్క గది. తూర్పు గోడకు దీపం పెట్టే గూడు. అందులో ముక్కు కొస విరిగిన మరియమ్మ సుద్దబొమ్మ ఉండేది. అమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. నాకు తొమ్మిదేళ్ళు నిండిన ఏడు ఆమె పక్కకు బుద్ధుడు వచ్చి కూర్చున్నాడు. ఎర్రమట్టి బొమ్మ, జానెడు కూడా లేడు. మా నాయన కోలారు నుంచి తువ్వాలులో చుట్టి తెచ్చాడు.

నాయన కోలారు బంగారు గనిలో పనిచేసేవాడు. నెలకొకసారి బస్సు దిగేవాడు. ఆయన సంచీ విప్పితే తీపి బన్నుల వాసన, గని సబ్బు వాసన, అడుగున ఎక్కడో మందుగుండు వాసన. భూమి లోపల ఆయన పక్కన పనిచేసే అరవవాళ్ళు రెండు తరాలుగా బౌద్ధులు. సద్ది తినేటప్పుడు వాళ్ళు చెప్పే మాటలు విని విని ఒకరోజు ఆయనా వాళ్ళు ప్రార్థనకు కూడే హాలుకు వెళ్ళి దీక్ష తీసుకున్నాడు. అప్పటిదాకా ఆయన మంచి కథోలికుడే. పూజకు గంట కొట్టే పని కూడా చేశాడు. కానీ మా గుడిలో పెద్ద కులం నుంచి వచ్చిన నాలుగిళ్ళవాళ్ళు ముందు వరసలో కూర్చునేవాళ్ళు. మా పల్లెవాళ్ళం వెనక నేలమీద. పూజలో ఇచ్చే అప్పం అందరికీ ఒకటే, అందుకునే వరస వేరు. ఒక ఆదివారం నాయన నడిచి పోయి ముందు వరసలో కూర్చున్నాడు. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. ఆ వరసలో ఉన్నవాళ్ళంతా లేచి గోడకు ఆనుకుని నిలబడ్డారు. పూజ అయ్యేదాకా ఆయన ఒక్కడే ఆ బల్లమీద కూర్చున్నాడు. ఆ తర్వాత మళ్ళీ గుడికి పోలేదు.

ఇక గూట్లో ఇద్దరు. వత్తి ఒక్కటే, ఎందుకంటే రెండింటికి నూనె లేదు. సాంబ్రాణి ఇద్దరికీ ఒకే పొట్లంలోది. అమ్మ మోకాళ్ళమీద, నాయన బాసింపట్టు వేసుకుని. ఆమె జపమాల తిప్పేది, ఆయన కళ్ళు మూసేవాడు. గుడిలో ఫాదరు, మా సాములోరు, చదివే పాత పాటలు నాకు అర్థమయ్యేవి కావు, నాయన చదివే పాళీ మాటలూ అర్థమయ్యేవి కావు. పెళ్ళి చేసుకోని మనుషులు పొడుగు అంగీలు వేసుకుని మనకు సంసారం గురించి చెప్పడం రెండు చోట్లా ఉంది. పస్తులూ రెండు చోట్లా ఉన్నాయి. అమ్మకు శుక్రవారం, నాయనకు పౌర్ణమి. ఆ రెండూ పక్కపక్కన పడిన వారం కరవాడు వాసన లేక మా ఇల్లు చచ్చిపోయినట్టు ఉండేది. రెండు పూటలా సంగటి, ఊరిబిండి పచ్చడి. ఏ మతం మంచిదని అప్పుడు నన్నడిగితే ఎండుచేప పెట్టేది మంచిదని చెప్పి ఉండేదాన్ని.

ఒక సాయంత్రం నేను బొమ్మల చోట్లు మార్చేశాను. మరియమ్మను కుడికి, బుద్ధుణ్ణి ఎడమకు. దీపం మసక. అమ్మ బుద్ధుడి ముందు మోకరించి మాల మొత్తం తిప్పింది. నాయన మరియమ్మ ముందు కూర్చుని గంట సేపు కదల్లేదు. ఇద్దరూ తృప్తిగా లేచారు. నేను దుప్పట్లో నోరు కుక్కుకుని నవ్వాను. ఆ నవ్వు ఇప్పుడు తలచుకుంటే నాకు వ్యాసమంతా అందులోనే ఉందనిపిస్తుంది.

మా అవ్వ ఒక్కతే అసలు తీర్పు చెప్పింది. అవ్వ అంటే నాయన తల్లి. ఆమెకు గుడీ వద్దు, హాలూ వద్దు. గంగమ్మ చాలు. అమ్మా నాయనా వాదించుకుంటుంటే గడప మీద కూర్చుని చెనిక్కాయలు వలుస్తూ అనేది:

“ఒగాయన పెండ్లాం బిడ్డ నిద్దరపోతా ఉంటే సెప్పకుండా ఎల్లిపాయ. ఇంగొగాయన కన్నతల్లిని ఏడిపించి కొయ్యెక్కె. మొగోళ్ళ కతలే గదప్పా రెండూ. మా గంగమ్మ సూడు, యాడికీ పోదు.”

నాయన కోపం తెచ్చుకోబోయి నవ్వేసేవాడు. అమ్మ నవ్వేది కాదు.

తేడా ఏమిటని ఒకసారి నేనే నాయనను అడిగాను. నువ్వు చెప్పేది ఎవరు వింటారు అన్నాను. ఎవరూ వినరు, నువ్వే వింటావు, అన్నాడు. అదే మాట అమ్మను అడిగితే మరియమ్మ వింటుంది అంది. తొమ్మిదేళ్ళ పిల్లకు రెండోదే బాగుంది. అయినా నాయన చెప్పిన పనీ చేసేదాన్ని. ఆయన కోలారు నుంచి ఒక రావిమొలక తెచ్చి డాల్డా డబ్బాలో నాటాడు. తను లేనప్పుడు రోజూ పొద్దున దానికి సత్తు గ్లాసుతో మూడు గ్లాసుల నీళ్ళు పోయాలి. మొదటి గ్లాసుకు బుద్ధుణ్ణి శరణు కోరాలి, రెండోదానికి ధర్మాన్ని, మూడోదానికి సంఘాన్ని. చెట్టుకు నీళ్ళు పోయడం నాకు ఇష్టం. మాటలు నీళ్ళతో పాటే వచ్చేసేవి. దాదాపు ఏడాది పోశాను. మొలకకు ఆరు ఆకులు వచ్చాయి.

నీళ్ళు పోయడం గుడిలోనూ నేర్పారు. శనివారం పిల్లలకు పాఠం చెప్పే ఉపదేశి ఉండేవాడు. లావాటి మనిషి, నశ్యం వాసన. ప్రాణం పోయేలా ఉన్న బిడ్డకు ఎవరైనా జ్ఞానస్నానం ఇవ్వచ్చని ఆయనే చెప్పాడు. సాములోరే ఉండాల్సిన పని లేదు. ఆడవాళ్ళయినా, పిల్లలైనా, ఆఖరికి మన మతం కానివాళ్ళయినా సరే. మూడుసార్లు తలమీద నీళ్ళు పోయాలి, పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున అనాలి. అంతే. నేర్పడానికి ఒక సొరకాయ తెచ్చేవాడు. మేమంతా వరసగా ఆ సొరకాయకు జ్ఞానస్నానం చేశాం. తర్వాత ఆయన దాన్ని ఇంటికి తీసుకుపోయి కూర వండించుకున్నాడు. కిరస్తానం సొరకాయ రుచిగా ఉందా అని అడిగి నేను మొట్టికాయ తిన్నాను.

ఆ ఏడాదే తమ్ముడు పుట్టాడు. నల్లగా, బొద్దుగా, తలనిండా జుట్టు. నా వేలు పట్టుకుంటే వదిలేవాడు కాదు. వాడికి ఐదు నెలలు వచ్చినా పేరు లేదు. అమ్మ ఒక పునీతుడి పేరు అనుకుంది, కానీ అది జ్ఞానస్నానం రోజునే పెట్టాలి. జ్ఞానస్నానానికి నాయన ఒప్పుకోలేదు.

“వాడు పెద్దోడై, వానికేది నచ్చితే అది పట్టుకుంటాడు. పసిబిడ్డకు ముద్ర ఏసేదేంది?” అనేవాడు.

“నీ పంతానికి నా బిడ్డ పేరు లేకుండా ఉండాడు,” అనేది అమ్మ.

నాయన మాట న్యాయమైనదే. ఇప్పుడు నేను వేదికల మీద చెప్పేది కూడా అదే. కానీ ఆ ఇంట్లో ఆ న్యాయం ఐదు నెలలుగా ప్రతి ముద్దలోనూ రాయిలా తగిలింది. అందరూ వాణ్ణి చిన్నోడు అనేవాళ్ళం.

మే నెల వచ్చింది. మామిడికాయల కాలం. చిత్తూరు గుజ్జు ఫ్యాక్టరీలకు పోయే బండ్లు దారిపొడుగునా పులుపు వాసన వదిలి పోయేవి. మే నెల మరియమ్మ నెల కాబట్టి అమ్మకు రోజూ సాయంత్రం గుడిలో జపమాల. అదే నెలలో బుద్ధుడి పౌర్ణమి కాబట్టి నాయన సెలవు పెట్టి వచ్చాడు. తిరుపతిలో గంగజాతర కాబట్టి అవ్వ మూట కట్టుకుని వెళ్ళిపోయింది. ముగ్గురు దేవతలకూ ఒకే నెలలో పని పడింది. బావిలో నీళ్ళు అడుగంటి, చేదకు బురద వచ్చేది.

పౌర్ణమికి ముందురోజు సాయంత్రం చిన్నోడికి వాంతులు మొదలయ్యాయి. తర్వాత విరేచనాలు. తెల్లారేసరికి పాలు పట్టడం మానేశాడు. నీళ్ళిస్తే ఇంకా పారుతుందని మా పల్లెలో నమ్మకం. అమ్మ నాకు గట్టిగా చెప్పింది, చుక్క నీళ్ళు కూడా ఇయ్యొద్దని. మధ్యాహ్నానికి వాడి కళ్ళు లోపలికి పోయాయి. నడినెత్తి గుంటపడింది. ఏడుపు వచ్చేది, కన్నీళ్ళు వచ్చేవి కావు.

చిత్తూరు ఆసుపత్రికి పోవాలంటే మధ్యాహ్నం రెండింటికి బస్సు. అది పోతే మళ్ళీ ఆరుకే.

నాయన బిడ్డను ఎత్తుకోబోయాడు. అమ్మ ఇవ్వలేదు. ముందు నీళ్ళు పోయించి, తర్వాత బస్సు అంది. దారిలో ఏమైనా అయితే బిడ్డ ఎటూ కాకుండా పోతాడని ఆమె భయం. స్వర్గమూ కాని, నరకమూ కాని ఒక చోటు ఉందని, జ్ఞానస్నానం లేని బిడ్డలు అక్కడ ఉంటారని, తల్లి చచ్చాక కూడా వాళ్ళు ఆమెకు కనబడరని ఆమెకు చిన్నప్పుడు చెప్పారు. కనబడరు అన్న మాట ఆమెకు నరకం కంటే ఎక్కువ భయం.

“బస్సుకు ఇంగా టైముండాది. సాములోర్ని పిల్సుకొస్తా,” అని బిడ్డను నా ఒళ్ళో పడేసి పరుగెత్తింది. నాయన వాకిట్లో ఒక్క నిమిషం నిలబడ్డాడు. ఆయన చేయాల్సిన పని ఒక్కటే. నా ఒళ్ళోంచి బిడ్డను తీసుకుని బస్సు దగ్గరకు నడవడం. రోడ్డు మా వాకిలి నుంచి కనబడుతుంది. ఆయన ఆ పని చేయలేదు. ఆమెను వెనక్కి తేవడానికి గుడి బంగళా వైపు పరుగెత్తాడు. ఆమెను గెలవనిస్తే ముందు వరస వాళ్ళను గెలవనిచ్చినట్టు ఆయనకు తోచింది కాబోలు.

సాములోరు బంగళాలో లేరు. వేరే పల్లెకు పూజకు పోయారు. అమ్మ మెట్లమీద కూర్చుంది. నాయన ఎదురుగా నిలబడి వాదించాడు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. నాకు అప్పుడు తెలిసింది బస్సు హారను. రెండుసార్లు మోగింది. మా పల్లెవాళ్ళు ఎవరూ ఎక్కలేదు. వెళ్ళిపోయింది.

ఇంట్లో నేనూ చిన్నోడూ. వాడు నా వేలు పట్టుకోలేదు. అప్పుడు నాకు ఉపదేశి మాట గుర్తొచ్చింది, పిల్లలైనా పోయవచ్చని. కుండలోంచి సత్తు గ్లాసుతో నీళ్ళు ముంచాను. వాడి తలను నా మోచేతి మీద పెట్టుకున్నాను. పోశాను. నోటికి మాటలు వచ్చాయి. ఒక గ్లాసు, ఒక మాట. మూడు గ్లాసులు, మూడు మాటలు. సొరకాయకు నేను నీళ్ళు పోసింది ఒక్కసారి. రావిమొలకకు పోసింది ఏడాది. నీళ్ళు పోసే చేతికి తెలిసిన మాటలే వచ్చాయి. బుద్ధుడు, ధర్మం, సంఘం. మూడో గ్లాసు అయ్యాక గానీ నేనేమన్నానో నాకు వినబడలేదు. నాలుగోసారి పోద్దామంటే కుండలో నీళ్ళు అయిపోయాయి.

ఇంకొకటి జరిగింది. ఇది నేను ఇన్నేళ్ళలో ఎక్కడా రాయలేదు. తలమీద పోసిన నీళ్ళు వాడి చెంపల మీదుగా జారి పెదాల మీదికి వచ్చాయి. వాడు నాలుక చాపాడు. నాకాడు. మళ్ళీ చాపాడు. నీళ్ళు ఇయ్యొద్దని అమ్మ చెప్పింది కదా. నేను పావడా అంచుతో వాడి మూతి తుడిచేశాను. బాగా, చుక్క లేకుండా తుడిచాను.

ఆరు గంటల బస్సు రాకముందే వాడు పోయాడు.

మర్నాడు పొద్దున సాములోరు వచ్చారు. చెడ్డమనిషి కాదు. వాకిట్లో చెప్పులు విడిచి లోపలికి వచ్చి నేలమీద కూర్చున్నారు. నీళ్ళు పోయని బిడ్డను సమాధుల లోపల పెట్టడానికి లేదని చెప్పడం ఆయనకూ కష్టంగానే ఉంది. అందుకే అడిగారు, చివర్లో ఎవరైనా నీళ్ళు పోశారా అని. నేను పోశానన్నాను. అమ్మ తల ఎత్తింది. ఆ ముఖంలో వచ్చిన వెలుగు నేను మళ్ళీ ఆమెలో చూడలేదు.

“ఏం మాటలన్నావు పాపా?” అన్నారు సాములోరు.

గదిలో పదిమంది ఉన్నారు. ఒక్క అబద్ధం చాలు. తమ్ముడికి చోటు, పేరు, అమ్మకు రేపటి నిద్ర, అన్నీ వచ్చేవి. కానీ అబద్ధం చెప్పకూడదని అమ్మ దేవుడి ఆజ్ఞల్లోనూ ఉంది, నాయన పంచశీలలోనూ ఉంది. రెండు మతాలు కలిసి నాకు నేర్పిన ఒకే ఒక్క పాఠం అది. నేను నిజం చెప్పాను.

సాములోరు కళ్ళు మూసుకున్నారు. నీళ్ళు సరే, మాటలు అవి కావమ్మా అన్నారు. చేతిలోని పుస్తకం మూశారు. నాయన గోడవైపు తిరిగాడు. తన మాటలు తన బిడ్డకు చోటు లేకుండా చేశాయని ఆయనకు అప్పుడు తెలిసింది.

గోడకు బయట, మూలరాయి నుంచి గోడ వెంబడి పదకొండు అడుగుల దూరంలో వాణ్ణి పెట్టారు. అంతకుముందే అక్కడ ఉరిపోసుకున్న ఒకామె, గుడి మానేసిన ఒక ముసలాయన ఉన్నారు. మధ్యాహ్నం అవ్వ జాతర నుంచి దిగింది. చేతిలో బొరుగుల పొట్లం, నుదుటి నిండా పసుపు. సంగతి విని పొట్లం గడప మీద పెట్టింది. ఆమె అడిగిన మాట ఇది:

“ఉప్పేసి పల్సగా గంజి తాపలేదామే ఎవురూ? ఇంట్లో ముగ్గురుండారే.”

నాకు వాడి నాలుక గుర్తొచ్చింది. ఈ కాలంలో వాకిట్లోకి వచ్చి పొట్లం ఇచ్చే ఆరోగ్య కార్యకర్త చెప్పేది కూడా అదే. ఉప్పు, చక్కెర, నీళ్ళు. ఆ మూడు గ్లాసులు తలమీద పోయాల్సినవి కావు.

మతాల మధ్య పోలిక చెప్పమన్నారు కదా, వినండి. ఆ వారంలో సాములోరు వచ్చి ఇది దేవుని చిత్తం, ఓర్చుకో అన్నారు. కోలారు నుంచి నాయన స్నేహితులు వచ్చి పుట్టింది పోక తప్పదు, ఆశ వదులుకో అన్నారు. ఇద్దరి గొంతులోనూ దయ ఉంది. ఇద్దరూ చెప్పింది ఒకటే, ఊరుకో అని. తేడా కూడా ఉంది. ఒకరు వాడు బయట ఉన్నాడన్నారు. ఇంకొకరు, ఉన్నాడు అనడానికి అసలు వాడంటూ ఎవరూ లేరన్నారు. మా అమ్మ ఈ రెండింటి మధ్యా యాభై ఏళ్ళకు పైగా బతికింది.

నవంబరులో చనిపోయినవాళ్ళ పండుగకు అందరూ గోడ లోపల సమాధుల మీద వత్తులు వెలిగించేవాళ్ళు. అమ్మ లోపల వాళ్ళ అమ్మానాన్నలకు ఒకటి పెట్టి, బయటికి వచ్చి చిన్నోడికి ఒకటి పెట్టేది. బయట గాలి ఎక్కువ, ఆరిపోయేది. మళ్ళీ వెలిగించేది. ఎవరైనా చూస్తున్నారా అని చూసేది కూడా కాదు.

నాయన సంగతి నేను అనుకోకుండా చూశాను. వాడు పోయిన రెండేళ్ళకు, ఒక పౌర్ణమి పొద్దున, పొయ్యికి పుల్లలు ఏరడానికి అటు పోయాను. నాయన గోడ బయట గొంతుక్కూర్చుని ఉన్నాడు. సత్తు గ్లాసు చేతిలో ఉంది. మట్టిమీద నీళ్ళు పోశాడు. ఒకటి, రెండు, మూడు. మాటలేమీ అనలేదు. ఆత్మ లేదని, పోయినవాడు ఎక్కడా లేడని మా అందరికీ చెప్పిన మనిషి. నన్ను చూసి గ్లాసు పంచెలో దాచుకున్నాడు, బీడీ దాచుకున్న పిల్లవాడిలాగా.

ఒకే చోటికి ఆమె వత్తితో పోయేది, ఆయన నీళ్ళతో పోయేవాడు. ఒక్కసారి కూడా కలిసి పోలేదు. గని దుమ్ముతో ఊపిరితిత్తులు పాడై నాయన పోయాడు. ఆయన మాట ప్రకారం స్నేహితులు కాల్చి, బూడిద నీవా నదిలో కలిపారు. కాబట్టి అమ్మకు ఆయన సమాధి కూడా లేదు. ఆమెకు మిగిలింది ఆ ఆరడుగుల మట్టి ఒక్కటే.

పోయిన నెల నేను పల్లెకు వెళ్ళాను. ఇప్పటి సాములోరు చిన్నవాడు, నా విద్యార్థి వయసు. వాళ్ళ పెద్దలే ఆ మధ్యచోటు మాట పక్కన పెట్టారని, పసిబిడ్డలను దేవుడి దయకు వదిలేస్తామని, తను వచ్చి ప్రార్థన చేయడానికి సిద్ధమని చెప్పారు. ఒక్క తరం మనుషుల్ని ఏడిపించాక నియమం నెమ్మదిగా తప్పుకుంది. తప్పుకున్నట్టు మా అమ్మకు ఎవరూ కబురు పెట్టలేదు. అయితే గోడ మాత్రం గుడి సంఘం పెద్దల చేతుల్లో ఉందన్నారు. వాళ్ళ పెద్ద నా ఈడువాడే. సొరకాయకు నా వెనకే నిలబడి నీళ్ళు పోసినవాడే.

బయట ఉన్నది ఒక్క మీ తమ్ముడే కాదు, వాణ్ణి లోపలికి తెస్తే ఉరిపోసుకున్నదాన్నీ తేవాలి, గుడి మానేసినవాణ్ణీ తేవాలి, అన్నాడు. తెండి అన్నాను. ఆయన నవ్వాడు.

“దేవుడే లేడని రాస్తా ఉండావు గదమ్మా పేపర్లలో. నీకెందుకీ గోడ?”

“దేవుడు లేడని నేనంటా ఉండాను, అన్నా. నా తమ్ముడు లేడని మీరంటాండారు. ఎవురి మాట పాపమో నువ్వే సెప్పు.”

ఆయన సున్నంపొడి తట్ట వైపు చూశాడు. ప్లాను పాసయింది, మేస్త్రీకి చెప్పేశాం, అన్నాడు. నాయన స్నేహితుల పిల్లలకు కోలారుకు ఫోను చేశాను, నాతోపాటు ఒక అర్జీ మీద సంతకం పెట్టమని. ఎముకల మీద మోహం మీకెందుకక్కా అన్నారు. మా నాయన గ్లాసు సంగతి వాళ్ళకు చెప్పబోయి మానేశాను.

ఎముకల్లో ఏమీ లేదని నాకూ తెలుసు. ఐదు నెలల బిడ్డ ఎముకలు ఈపాటికి మట్టే. నేను ఆ మాట వందసార్లు వేదికల మీద చెప్పాను, మళ్ళీ చెబుతాను. కానీ గోడ మట్టి కాదు. అది నిర్ణయం. రోజూ ఎవరో ఒకరు దాన్ని నిలబెడుతున్నారు.

నిన్న పొద్దున అమ్మ నన్ను పక్కన కూర్చోమంది. ఇన్నేళ్ళలో ఆ రోజు సంగతి ఆమె నాతో ఒక్కసారి కూడా ఎత్తలేదు. నిన్న ఎత్తింది.

“ఆ పొద్దు నువ్వు నిజిం సెప్పినావు. తప్పు సెయ్యలే,” అంది. ఊపిరి తీసుకుంది. “ఒగ అబద్దం సెప్పింటే బాగుండు.”

నేను ఆమె చేయి పట్టుకున్నాను. అరచేతిలో జపమాల ముద్రలు. నిజం చెప్పడమే పనిగా బతికిన దాన్ని, ఆమె ముందు నా బతుకంతా ఒక్క మాటలో తేలిపోయింది. నేను తుడిచిన మూతి సంగతి ఆమెకు చెప్పాలనుకున్నాను. చెప్పలేదు. మొదటిసారి తెలిసి తెలిసి నిజం దాచాను.

“వాళ్ళు గీత జరపకపోతే నన్ను లోపల పెట్టొద్దు. వాని పక్కన పెట్టండి, బయటే. సాములోరు రాకపోయినా సరే.”

జీవితంలో ఒక్క ఆదివారం పూజ తప్పని మనిషి ఈ మాట అంది. చచ్చాక కూడా వాణ్ణి చూడలేనని భయపడి బస్సు వదులుకున్న మనిషి, ఇప్పుడు వాడి కోసం తన స్వర్గాన్నే వదులుకుంటోంది. ఆమెను నేను అక్కడే పెడతాను. కానీ ఆమె బయటికి పోవాల్సిన అవసరమే లేదు. గీత జరిగితే చాలు.

ఈ సాయంత్రం నేను పల్లెకు పోతున్నాను. సోమవారం పునాది గుంటలో దిగి కూర్చుంటాను. నేను ఒక్కదాన్నే అయితే ఎత్తి పక్కన పెడతారు.

కాబట్టి ఏ మతం గొప్పదని నాకు ఉత్తరాలు రాయకండి. లేవండి. మీ ఊళ్ళోనూ సమాధులున్నాయి, వాటికి గోడ ఉంది, ఆ గోడ బయట ఎవరో ఉన్నారు. మీ గుడి ఏదైనా, హాలు ఏదైనా, వెళ్ళి ఆ బయట ఎవరెవరున్నారో ముసలివాళ్ళను అడగండి. పేరు లేనివాళ్ళకు పేరు రాయండి. బతికున్న బిడ్డ నాలుక చాపితే నీళ్ళు నోట్లో పోయండి. పోయిన బిడ్డ బయట ఉంటే ఆ సున్నపు గీతను మీ కాలితో చెరిపి, వాడికి అవతల మళ్ళీ పోయండి. ఆదివారమే చేయండి. సోమవారం తవ్వుతారు.